చంద్రుని పేరిట ఒక మూలకం: బెర్జీలియస్ జీవితం

రసాయనశాస్త్ర విద్యార్థులమైన మేము ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారమైనా, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారమైనా, సమీకరణం వ్రాయవలసి వచ్చేసరికి అందరమూ ఒకే లిపిని ఆశ్రయిస్తాము. ఆమ్లజనికి ఒక అక్షరం, గంధకానికి ఒక అక్షరం, ఇనుముకు రెండక్షరాలు. ఈ సంకేతపద్ధతిని 1813-14 సంవత్సరాలలో లోకానికి అందించినవాడు స్వీడన్ దేశీయుడైన యాన్స్ యాకబ్ బెర్జీలియస్. పాఠ్యపుస్తకాలలో ఆ పేరు ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. అతని జీవితాన్ని, అందునా అతడు కనుగొన్న సెలీనియం వృత్తాంతాన్ని, మా సోదర సోదరీ విద్యార్థుల ముందుంచాలని ఈ వ్యాసం తలపెట్టాము.

బెర్జీలియస్ 1779 ఆగస్టు 20వ తేదీన దక్షిణ స్వీడన్‌లోని వేవర్సుండా అనే పల్లెలో జన్మించాడు. నాలుగేండ్ల ప్రాయంలో తండ్రి గతించాడు. తల్లి పునర్వివాహం చేసుకొన్నది. మరి అయిదేండ్లకు ఆమె కూడా కన్నుమూసింది. అటుపిమ్మట ఆ బాలుడు బంధువుల పంచన పెరిగాడు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి చదువుకు డబ్బు కూర్చుకొన్నాడు. మా కళాశాలలో ఈ విధంగానే చదువు సాగిస్తున్న మిత్రులు లేకపోలేదు గనుక ఈ సంగతి ప్రత్యేకంగా పేర్కొంటున్నాము.

ఉప్సాలా విశ్వవిద్యాలయంలో వైద్యం అభ్యసించి 1802లో పట్టం పొందాడు. రోగులపై విద్యుత్ప్రవాహ ప్రభావమే అతని సిద్ధాంతవ్యాసానికి విషయం. ఆ చికిత్స ఫలించలేదు గాని విద్యుత్తుపై అతని మక్కువ తీరలేదు. గనుల యజమాని హిసింగర్‌తో కలిసి 1803లో సీరియం అనే మూలకాన్ని కనుగొన్నాడు. 1807లో స్టాక్‌హోంలో ఆచార్యపదవి లభించింది.

అతని ప్రయోగశాల ఎట్టిదో తెలిస్తే ఆశ్చర్యం కలుగక మానదు. వంటయింటి ప్రక్కన రెండు మామూలు గదులు. కొలిమి లేదు, పొగను వెలికి లాగే ఏర్పాటు లేదు. ఇసుక తొట్టి వంటగదిలోనే ఉండేది. అన్నా సుండ్‌స్ట్రోమ్ అనే మహిళ ఇంటిపనులు చూస్తూనే 1808 నుండి 1836 వరకు ప్రయోగాలలో అతనికి చేదోడువాదోడుగా నిలిచింది. శాస్త్ర చరిత్రలు ఈమె పేరును తరచు మరచిపోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఆ గదులలోనే సుమారు రెండువేల సమ్మేళనాలను విశ్లేషించి అతడు 1818లో పరమాణు భారాల పట్టికను ప్రకటించాడు.

ఇక సెలీనియం. గ్రిప్స్‌హోంలో ఒక గంధకికామ్ల కర్మాగారం ఉండేది. ఫాలూన్ గని నుండి వచ్చిన గంధకాన్ని వాడినప్పుడెల్లా సీసపు గదుల అడుగున ఎర్రని మడ్డి పేరుకొనేది. అందులో పాషాణం ఉన్నదేమోనని పూర్వపు యజమాని భయపడి ఆ గంధకాన్నే మానుకొన్నాడు. బెర్జీలియస్, అతని వృద్ధ మిత్రుడు గాన్ ఆ కర్మాగారంలో భాగస్థులయ్యారు. 1817లో ఎంతో గంధకాన్ని మండించి కొద్ది గ్రాముల మడ్డిని సేకరించారు. దానిని కాల్చితే ఘాటైన ముల్లంగి వాసన వేసింది. ఆ వాసన టెల్లూరియం అనే మూలకానికి గుర్తని నాటి పండితుల నమ్మకం. బెర్జీలియస్ సైతం అట్లే భావించి లండన్‌లోని మిత్రునికి ఆ సంగతి వ్రాసి పంపాడు. ఇతరులైతే అంతటితో ఊరుకొందురేమో. అతడు ఊరుకోలేదు. మడ్డిని మరల పరీక్షించగా అందులో టెల్లూరియం జాడయే కానరాలేదు. ఇది వేరొక క్రొత్త మూలకమని 1818 ఫిబ్రవరిలో తన పూర్వాభిప్రాయాన్ని సవరించుకొన్నాడు. టెల్లూరియానికి భూమి పేరు ఉన్నది గనుక దాని తోబుట్టువు వంటి ఈ మూలకానికి గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు పెట్టాడు.

ఈ పరిశోధనకు అతడు మూల్యం చెల్లించాడు. కిప్స్ ఉపకరణం నుండి వెలువడే కుళ్లిన గ్రుడ్ల వాసన మనకందరికీ అనుభవమే. గంధకం స్థానంలో సెలీనియం ఉన్న వాయువు అంతకంటె ఎంతో ప్రమాదకరం. బఠాణీ గింజంత బుడగను పీల్చినందుకే కొన్ని గంటలపాటు అతని ఘ్రాణశక్తి నశించింది.

సెలీనియం పరమాణు సంఖ్య 34. ఎర్రని పొడిగా, నల్లని గాజువంటి ముద్దగా, బూడిదవన్నె స్ఫటికంగా అది పలు రూపాలు ధరిస్తుంది. బూడిదవన్నె రూపం 221 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. వెలుతురు సోకితే దాని విద్యుద్వాహకత పెరుగుతుందని 1873లో విల్లోబీ స్మిత్ ప్రకటించాడు. 1883లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియంపై పలుచని బంగారు పూత వేసి సౌరఘటం నిర్మించాడు. 1959లో వెలువడిన జిరాక్స్ యంత్రంలో కాగితపు నకళ్లు తీసినది సెలీనియం పూసిన డ్రమ్మే. విద్యుత్తును ఏకముఖం చేసే పలకలుగా కూడా అది చాలాకాలం పనిచేసింది. తరువాత సిలికాన్ దాని స్థానం ఆక్రమించింది. చిత్రమేమంటే, ఆ సిలికాన్‌ను 1824లో వేరుచేసినవాడూ బెర్జీలియసే! గాజులోని ఆకుపచ్చ ఛాయను మరుగుపరచడానికి, ఎర్రగాజు తయారీకి నేటికీ సెలీనియం వాడుతున్నారు.

కర్మాగారాలకు అది పొడిగా, గుండ్లుగా, దిమ్మలుగా చేరుతుంది. ధూళి లేవదు గనుక పొడికంటె గుండ్లు మేలు. ముద్దగా ఉన్న సెలీనియం కన్న దాని ఆవిరి, ఆక్సైడు, నీట కరిగే లవణాలు హానికరం. మోతాదు మించితే శ్వాసలో వెల్లుల్లి వాసన, జుట్టు, గోళ్లు రాలిపోవడం కానవస్తాయి. పంజాబులోని కొన్ని నేలలలో సెలీనియం అధికమై పశువులకు సైతం ఈ బాధ కలిగింది. అయినా అది బొత్తిగా లేకున్నా శరీరం నిలువదు. పెద్దలకు రోజుకు 55 మైక్రోగ్రాములు కావాలి, 400 దాటరాదు.

తదుపరి జీవితాన్ని క్లుప్తంగా చెప్పుదుము. ఉత్ప్రేరణం, సమరూపకత అనే భావాలకు పేర్లు పెట్టినవాడు ఇతడే. కృత్రిమంగా యూరియా తయారుచేసిన వోలర్ ఇతని శిష్యుడే. 1835లో, 56వ ఏట, ఎలిజబెత్ పోపియస్‌ను వివాహమాడినప్పుడు రాజు అతనికి బేరన్ బిరుదమిచ్చాడు. వార్ధక్యంలో పట్టుదల మొండితనంగా మారింది. డ్యూమా మొదలైన యువశాస్త్రజ్ఞుల ప్రతిక్షేపణ సిద్ధాంతాన్ని అతడు అంగీకరించనేలేదు. 1848 ఆగస్టు 7న స్టాక్‌హోంలో మరణించాడు. సెలీనియం వెలుగును గుర్తెరుగుతుందని తెలియడానికి ఇంకా పాతికేండ్లు పట్టింది. ఫాలూన్ గని 1992లో మూతపడింది. నేడు లోకానికి కావలసిన సెలీనియంలో అధికభాగం రాగిని విద్యుత్తుతో శుద్ధిచేసేటప్పుడు తొట్టి అడుగున దిగే మడ్డి నుండియే లభిస్తున్నది.