బొమ్మరైళ్ల హార్న్‌బీ

పండుగనాడు పిల్లవాని చేతికి కీ యిచ్చెడి రైలుబండి దొరకినచో ఆ యింట నేమి జరుగునో తలిదండ్రులకు చెప్పనక్కరలేదు. మొదటి గంట అది పట్టాలపై గిరగిర తిరుగును. రెండవ గంటకు పిల్లవాడు దాని పొట్ట విప్పి చూడబోవును, పెద్దలు కోపింతురు. ఆ విప్పి చూచుటనే ఆటగా మార్చిన యొక లెక్కల గుమాస్తా చరిత్రను మేమిచ్చట వ్రాయ నెంచితిమి.

ఫ్రాంక్ హార్న్‌బీ ఇంగ్లండు దేశమునందలి లివర్‌పూలు నగరమున 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీన జన్మించెను. తండ్రి ఆహారపదార్థముల వర్తకుడు. వారి యిల్లు కాపరస్ హిల్ అను వీధిలో, లైమ్ స్ట్రీట్ రైల్వేస్టేషనునకు చేరువనే యుండెను. ఆ నగరమునుండి మాంచెస్టరునకు 1830లోనే ఆవిరిరైలు నడచినది. ఫ్రాంక్ పదునారవ యేట బడి విడిచి తండ్రి కొట్టులో డబ్బులెక్కలు చూడసాగెను. యంత్రశాస్త్రము నేర్పిన గురువెవ్వరును అతనికి లేరు. 1887లో క్లారా అను ఉపాధ్యాయురాలిని వివాహమాడెను. 1899లో తండ్రి గతింపగా కొట్టు మూతబడెను. అంతట నతడు డేవిడ్ ఎలియట్ అను మాంసపు దిగుమతి వర్తకునియొద్ద గుమాస్తాగా కుదిరెను.

సాయంకాలములందు తన కుమారులైన రోలండు, డగ్లసుల కొరకు రేకుముక్కలు కత్తిరించి వంతెనలు, బండ్లు, క్రేనులు చేయుచుండెడివాడు. ప్రతి బొమ్మకును ముక్కలు వేరుగా కత్తిరింపవలెను. పిల్లల మోజు తీరగానే ఆ శ్రమ యంతయు మూలబడును. నేడు వంతెనలోనున్న ముక్కయే రేపు క్రేనులో నిముడుటెట్లు? అతడు కనుగొన్న యుపాయ మిది. పట్టీలన్నియు అర అంగుళము వెడల్పు. వానిపై అర అంగుళమున కొకటి చొప్పున ఒకే కొలత బెజ్జములు. కూర్చుటకు నట్లు, బోల్టులు. బోల్టు దూరిన బెజ్జముననే ఇరుసును దూరును. ఏ ముక్కయైనను ఏ ముక్కతోనైనను కలియును. కలిసినది మరల విడిపోవును. సమాన దూరములను గూర్చి నల్లబల్లపై గంటసేపు బోధించి యలసిన మావంటి ఉపాధ్యాయులకు ఈ పట్టీ విలువ వెంటనే తెలియును.

ఈ కల్పనకు పేటెంటు పొందుటకు గుమాస్తా చేతిలో పైకము లేదు. యజమాని యెలియట్ 5 పౌనులు బదులిచ్చెను. 1901 జనవరిలో పేటెంటునకు దరఖాస్తు పెట్టబడెను. పిమ్మట ఎలియట్ తన కార్యాలయము ప్రక్కనే చోటిచ్చి తానును భాగస్వామి యయ్యెను. 1902లో ‘మెకానిక్స్ మేడ్ ఈజీ’ అను పేర పెట్టెలు బజారునకు వచ్చెను. వెల 7 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి యేట 1,500 పెట్టెలు చెల్లినను లాభము కానరాలేదు. లివర్‌పూలులో ఇంజనీరింగు బోధించుచుండిన ఆచార్య హెలీషా ఈ యాటను మెచ్చుట అతని కెంతయో బలమయ్యెను. 1907లో ‘మెక్కానో’ అను పేరు రిజిష్టరు కాగా, 1908లో ఆ పేర కంపెనీ యేర్పడెను. ఎలియట్ అందు చేరలేదు. ఆ 5 పౌనులిచ్చినవాని పేరు ఒక పంక్తితో సరిపెట్టబడుట మాకు వెలితిగా తోచును.

1914లో బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము వెలసెను. అంతవరకు బొమ్మరైళ్లన్న జర్మనీవే పేరుబడినవి. ఆ దేశపు మార్క్లిన్ కంపెనీ 1891లోనే పట్టాల వెడల్పులకు ప్రమాణము లేర్పరచెను. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప, 1920లో హార్న్‌బీ తన రైలును బయలుపరచెను. అది కీతో నడచునది, ఓ గేజిది. పట్టాల నడుమ 32 మిల్లీమీటర్లు. మొదట వచ్చిన యింజనులు, బండ్లు బోల్టులతో బిగింపబడి, మెక్కానోవలెనే విప్పి కూర్చుటకు వీలైనవి. పొట్ట విప్పు పిల్లవాని కోర్కె యిచ్చట ఈడేరెను! ఆపై స్టేషనులు, సిగ్నళ్లు, సొరంగములు, లెవెలు క్రాసింగులు ఒక్కొక్కటిగా చేరెను. ఇంజనొక్కటే యున్న అది బొమ్మ. సిగ్నలు వాలువరకు దానిని నిలిపి, గూడ్సును ప్రక్కదారికి మరల్చి, వేళపట్టిక వ్రాసికొని నడపిన అది రైల్వే. ఈ భేదము నెరిగిన పెద్దవారు నెరసిన తలలతోడను ఈ వ్యాసంగము మానలేకున్నారు.

అతని పనులన్నియు నిర్దోషములని మేము చెప్పము. 1925లో వచ్చిన మొదటి విద్యుత్తు రైలునకు ఇంటి దీపముల కరెంటునే ఒక బల్బు గుండ పట్టాలకు పంపుచుండిరి. బిడ్డలు తాకెడు ఇనుములో అట్టి ప్రవాహ ముండుట ప్రమాదకరము. తరువాత తక్కువ వోల్టులకు మార్చిరి. 1916లో మొదలైన మెక్కానో మాసపత్రికయు, 1928లో వెలసిన రైల్వే సంఘమును బాలురనే పిలిచినవి. కర్మాగారమున ఈ బొమ్మలను కూర్చిన చేతులలో స్త్రీల చేతులే మెండు. వారి కుమార్తెలకు మాత్రము ప్రకటనలలో చోటు దొరకుట అరుదు. బాలికల తరగతులలో బోధించు మాకిది మింగుడుపడదు.

1931లో హార్న్‌బీ ఎవర్టను నియోజకవర్గమునుండి పార్లమెంటున కెన్నికయ్యెను. ఆరోగ్యము చెడుటచే 1935 ఎన్నికలలో నిలువలేదు. 1936 సెప్టెంబరు 21న కన్నుమూసెను. భోజనపు బల్లమీద నిముడు చిన్నరైలు, 16.5 మిల్లీమీటర్ల పట్టాలది, ‘హార్న్‌బీ డబ్లో’ అను పేర 1938లో వెలువడెను. దానిని చూచుట కతడు లేడు. 1964లో కంపెనీ పరులచేతికి పోయెను. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారపు తలుపులు మూతబడెను. బెజ్జముల నడిమి దూరము మాత్రము మారలేదు. తాత పెట్టెలోని తుప్పు పట్టిన పట్టీ మనుమని క్రొత్త పట్టీతో నేటికిని ఒక్క బోల్టున కలియును.