జీతం 300 పౌండ్లు.. కొన్నది 20 వేల పౌండ్ల వజ్రం! ఎవరీ డైమండ్ పిట్?

మద్రాస్ గవర్నర్‌గా ఆయన జీతం ఏడాదికి 300 పౌండ్లు. ఆయన కొన్న ఒక్క వజ్రం ధర 20 వేల పౌండ్ల పైమాటే. పైసా ఖర్చు పెట్టకుండా దాచుకున్నా దాదాపు 68 ఏళ్ల జీతం! మరి అంత డబ్బు ఎక్కడిది?

1653లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో పుట్టిన థామస్ పిట్ కుర్రాడిగానే మన దేశానికి వచ్చాడు. ఇక్కడితో ఇంగ్లండ్ చేసే వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీదే గుత్తాధిపత్యం. పిట్ దాన్ని లెక్కచేయకుండా సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. కంపెనీ కేసు పెట్టింది, జరిమానా కూడా పడింది. ట్విస్ట్ ఏంటంటే.. చివరికి అదే కంపెనీ ఆయన్ను గవర్నర్‌ని చేసింది. 1698 నుంచి 1709 దాకా మద్రాస్ ఆయన చేతిలోనే ఉంది.

అసలు కిటుకు జీతంలోనే ఉంది. కంపెనీ తన ఉద్యోగులకు తక్కువ జీతం ఇచ్చేది. బదులుగా ఆసియా రేవుల మధ్య సొంత వ్యాపారం చేసుకోనిచ్చేది. అంటే పగ్గాలు కంపెనీవి, పంట గవర్నర్‌ది. ఊరి బాగోగులు ఈ ఇద్దరి తర్వాతే!

1702లో జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర పిట్ 410 క్యారెట్ల ముడి వజ్రం కొన్నాడు. అది గోల్కొండ గనుల్లో దొరికింది. ధర 48 వేల వరహాలు. బలవంతంగా లాక్కున్నాడని పుకార్లు రావడంతో 1710లో రాతపూర్వకంగా ఖండించాడు. సానబెట్టాక 140 క్యారెట్లు మిగిలిన ఆ వజ్రాన్ని 1717లో ఫ్రాన్స్ పాలకుడికి సుమారు 1.35 లక్షల పౌండ్లకు అమ్మేశాడు. అదే నేటి రీజెంట్ డైమండ్. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. గనిలో దాన్ని తవ్వితీసిన కూలీ పేరు మాత్రం చరిత్రకెక్కలేదు.

పిట్ సంపాదనతో ఇంగ్లండ్‌లో ఎస్టేట్లు, పార్లమెంటు సీట్లు వచ్చాయి. 1726లో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత మనవడు, మునిమనవడు బ్రిటన్ ప్రధానులయ్యారు. 1784లో కంపెనీని ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన చట్టం ఆ మునిమనవడిదే!

అంతకుముందే 1773లో గవర్నర్ జనరల్‌కు సొంత వ్యాపారం, కానుకలు నిషేధించారు. జీతం ఏడాదికి 25 వేల పౌండ్లు చేశారు. అంతా బాగానే ఉంది కానీ.. ఆ జీతం లండన్ నుంచి రాలేదు. బెంగాల్ జనం కట్టిన పన్నుల్లోంచే ఇచ్చారు. పద్ధతి మారింది, జేబు మాత్రం మనదే!