పట్టాను మించిన ప్రశ్న: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

పట్టభద్రుడైన విద్యార్థి ముందు రెండు మార్గాలుంటాయి. త్వరగా జీవనోపాధి కల్పించే వృత్తివిద్య ఒకటి; ఏళ్ల తరబడి ఓర్పును కోరే పరిశోధన మరొకటి. కంప్యూటర్ శాస్త్రం చదివే నేటి మెదక్ విద్యార్థికి ఎం.సి.ఏ., పిహెచ్.డి.ల నడుమ కలిగే సందేహం ఇదే. డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యరంగంలో ఈ రెండు మార్గాలలోనూ నడిచారు.

1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.యస్.కు బదులు ఎల్.ఎం.యస్. పట్టా మాత్రమే లభించింది. దానితోనైనా వైద్యవృత్తి సాగించి సుఖంగా జీవించవచ్చు. కాని స్ప్రూ వ్యాధి సోదరుని బలిగొన్నది, తననూ పీడించింది. దానికి మందేమిటన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు.

అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు. అంతటితో ఆగక, ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ జీవరసాయన పరిశోధనకు పూనుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1930లో పిహెచ్.డి. పొందినా అక్కడ స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సకు ఉపకరించింది. 1948లో కన్నుమూశారు.

వృత్తివిద్య ఆయనకు ప్రశ్నను చూపింది; పరిశోధన సమాధానాన్ని సాధించింది. కనుక విద్యార్థులారా, ఇంటి అవసరాన్ని బట్టి వృత్తిపట్టాను ఎన్నుకోవడం చిన్నతనం కాదు. వెంటాడే ప్రశ్న లేకుండా పేరుకోసం పరిశోధనలో ప్రవేశించడం మాత్రం వృథాప్రయాస.