నియమాలు రాసిన మనిషి: జాన్ పోస్టెల్

మీ పిల్లల కంప్యూటర్ పుస్తకంలో టీసీపీ, ఐపీ అనే పేర్లు కనిపిస్తాయి. నల్గొండ నుంచి మీరు పంపిన ఫొటో మహబూబ్‌నగర్‌లో ఉన్న మేనత్త ఫోన్‌కు చేరడం వెనుక ఉన్నవి ఆ నియమాలే. ఫోన్ల కంపెనీలు వేరు, ప్రోగ్రాములు రాసినవాళ్లు వేరు. అందరూ చూసి రాసుకునే నియమాల పత్రం మాత్రం ఒకటే. అలాంటి పత్రాలకు దాదాపు ముప్పై ఏళ్లు సంపాదకుడిగా ఉన్నవారు జాన్ పోస్టెల్.

ఆయన 1943లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే, ఇంటర్నెట్‌కు తొలి రూపమైన ఆర్పానెట్ పనిలో చేరారు. 1969లో మొదలైన ఆర్‌ఎఫ్‌సీ పత్రాల బాధ్యత ఆయనకే వచ్చింది. పెద్ద గడ్డం, కాళ్లకు చెప్పులు, చేతినిండా పని. పేరు కోసం పాకులాడిన మనిషి కాదు.

ఒకే వాక్యాన్ని పదిమంది పదిరకాలుగా చదువుతారని ఆయనకు తెలుసు. అందుకే 1980ల మొదట్లో వచ్చిన పత్రాల్లో ఒక సూత్రం పెట్టారు. పంపేటప్పుడు నియమం తప్పొద్దు, ఎదుటివారు పంపినదాంట్లో చిన్న తేడా ఉన్నా అర్థమైతే తీసుకోవాలి. మన టీచర్లు చేసేదీ దాదాపు ఇదే. పిల్లవాడు నోటితో వచ్చిండు అంటే వింటారు, తాము బోర్డు మీద మాత్రం వచ్చాడు అనే రాస్తారు.

ప్రోగ్రాములు రాసినవాళ్లందరినీ కూడగట్టి, ఒకరి ప్రోగ్రాముతో ఇంకొకరిది మాట్లాడుతుందో లేదో చూసే పోటీలు కూడా జరిగేవి. వాటి మార్కుల పద్ధతిని పోస్టెల్ 1987లో ఒక పత్రంగా వేశారు. మంచి సాకు చెప్పినవారికి కూడా అదనపు మార్కులున్నాయి! ఆ పరీక్షల్లో తేడా బయటపడితే ఒక్కోసారి ప్రోగ్రామును దిద్దేవారు, ఒక్కోసారి నియమాన్నే దిద్దేవారు.

పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన పత్రంలో కూడా పొరపాటు దొర్లింది. పంపే సమాచారంలో అత్యవసర భాగం ఎక్కడ ముగుస్తుందో చూపే గుర్తు ఒకటి టీసీపీలో ఉంది. 1981 పత్రంలో ఒకచోట ఆ గుర్తు చివరి బైటును చూపుతుందని, ఇంకోచోట దాని తర్వాతి బైటును చూపుతుందని ఉంది. చివరి బైటే సరైనదని 1989లో తేల్చారు. అయినా చాలా ప్రోగ్రాములు తర్వాతి బైటునే పట్టుకుని నడిచాయి. చివరకు 2011లో నియమాన్నే వాడుకకు తగ్గట్టు మార్చారు. ముప్పై ఏళ్లు పట్టింది, ఒక్క బైటు తేడాకు.

అది చూడటానికి పోస్టెల్ లేరు. గుండె ఆపరేషన్ తర్వాత, 1998 అక్టోబర్ 16న, 55 ఏళ్లకే కన్నుమూశారు. మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆర్‌ఎఫ్‌సీగానే వచ్చింది, సంఖ్య 2468.

ఆయన సూత్రాన్ని ఇప్పుడు అందరూ ఒప్పుకోవడం లేదు. తప్పును సర్దుకుపోతూ ఉంటే ఆ తప్పే నియమమై కూర్చుంటుందని, తర్వాత వచ్చేవాళ్లు దాన్ని కూడా మోయాల్సి వస్తుందని 2023లో ఒక పత్రం వాదించింది. అది వెలువడింది కూడా పోస్టెల్ పెంచిన ఆర్‌ఎఫ్‌సీ వరుసలోనే, 9413వ సంఖ్యతో.