పశువుల మందల నుండి సాహిత్య లోకానికి : కన్నింగ్‌హామ్ గ్రాహమ్

మన ఒంగోలు జాతి పశువులు సముద్రాలు దాటి, బ్రెజిల్ దేశంలో నెల్లూరు పేరుతో వర్ధిల్లుతున్న సంగతి పాఠకులలో చాలామందికి తెలిసినదే. ఆ దక్షిణ అమెరికా ఖండపు పచ్చిక మైదానాలలో యౌవనాన్ని పశువుల వెంట, గుర్రాల వెంట గడిపి, నడివయస్సులో కలము చేపట్టి, సుమారు ముప్పది గ్రంథాలు రచించిన ఒక మహనీయుని జీవితాన్ని ఇచట స్మరింపదలచాము. ఆయన పేరు రాబర్ట్ బాంటైన్ కన్నింగ్‌హామ్ గ్రాహమ్. అభిమానులు ఆయనను డాన్ రాబర్టో అని పిలిచేవారు.

గ్రాహమ్ 1852వ సంవత్సరం మే 24వ తేదీన లండన్ నగరంలో జన్మించారు. తండ్రి స్కాట్లండులో గార్ట్‌మోర్ ఎస్టేటుకు వారసుడైన భూస్వామి. తల్లి వైపు స్పెయిన్ దేశపు రక్తసంబంధం ఉన్నందున బాల్యంలోనే ఆయనకు స్పానిష్ భాష అబ్బింది. ప్రసిద్ధమైన హారో పాఠశాలలో కొంతకాలం చదివారు గాని, ఆయన మనస్సు నాలుగు గోడల మధ్య నిలువలేదు. 1870లో, పదునెనిమిదేళ్ళు నిండకముందే, పశుపాలనతో ధనమార్జింపవచ్చునన్న ఆశతో అర్జెంటీనాకు ఓడ ఎక్కారు.

అచట కాలు మోపేనాటికి ఆ ప్రాంతం అంతర్యుద్ధంతో అట్టుడికిపోతున్నది. పశువులకు, గుర్రాలకు రక్షణ లేదు. అయినను గ్రాహమ్ వెనుదిరుగలేదు. గౌచోలనబడే పశుకాపరులతో కలిసి నిద్రించి, వారు తిన్న మాంసమే తిని, వారివలె జీను మీద నిలువగలగడం, తాడు విసరి పశువును పట్టగలగడం నేర్చుకొన్నారు. ఉరుగ్వే నుండి గుర్రాల మందను తోలుకొనిపోయి బ్రెజిల్ సైన్యానికి అమ్మజూచి నష్టపోయారు. 1878లో గాబ్రియేలాను వివాహమాడిన పిదప టెక్సాస్, మెక్సికోలలోను అదృష్టాన్ని పరీక్షించుకొన్నారు. అచటను లక్ష్మి వరించలేదు. వ్యాపార దృష్టితో చూచినచో ఆయన పశుపాలన ఒక వైఫల్యమే. కాని ఆ వైఫల్యమే తరువాతి సాహిత్యానికి మూలధనమైనది.

1883లో తండ్రి మరణించగా, అప్పులతో కూడిన ఎస్టేటు ఆయన తలపై బడింది. స్వదేశంలో గని కార్మికుల దైన్యాన్ని కన్నులార చూచి, 1886లో లిబరల్ పక్షాన పార్లమెంటుకు ఎన్నికైనారు. ఎనిమిది గంటల పనిదినము కొరకు, గనుల జాతీయకరణము కొరకు సభలో గళమెత్తారు. 1887 నవంబరు 13న లండన్ ట్రఫాల్గర్ స్క్వేరులో నిషేధాజ్ఞలను ధిక్కరించి సాగిన ప్రదర్శనలో పోలీసుల దెబ్బలు తిని, తల పగిలి, ఆరు వారాలు కారాగారవాసం చేశారు. 1888లో కీర్ హార్డీతో కలిసి స్కాటిష్ లేబర్ పార్టీని స్థాపించి, దాని తొలి అధ్యక్షులైనారు. 1892లో ఎన్నికలలో ఓడిపోయారు. తాను భూస్వామియై ఉండి పేదల పక్షాన మాట్లాడుటలోని వైరుధ్యాన్ని ఎత్తిచూపినవారు లేకపోలేదు. ఆ విమర్శ కాదనదగినది కాదు. కాని తన తరగతి వారి మెప్పును వదులుకొని చెరసాలకేగినవానిని కపటి అనుటకు మా మనస్సు ఒప్పదు.

గ్రాహమ్ తొలి గ్రంథం వెలువడినది 1895లో. అప్పటికి ఆయన వయస్సు నలుబది మూడేండ్లు. 1897లో, అన్యమతస్థులకు ప్రవేశం లేని తారూదంత్ పట్టణాన్ని చూడగోరి, షేకు వేషం ధరించి మొరాకో పర్వతాలలో ప్రయాణించారు. త్రోవలో ఒక ఖాయిదు ఆయనను నిర్బంధించి, కొన్నాళ్ళకు విడిచిపుచ్చాడు. పట్టణాన్ని చూడనేలేదు. ఆ యాత్రాఫలమే 1898లో ప్రచురితమైన మొగ్రెబ్ ఎల్ అక్సా అను గ్రంథం. మగ్రిబ్ అనగా పడమర, అక్సా అనగా మిక్కిలి దూరమైనది అని ఉర్దూ నేర్చిన మన మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. మారువేషంతో పరుల గడపలో అడుగిడుట మెచ్చదగినది కాకపోవచ్చును. అయితే తనను బంధించిన ప్రజలను ఆ గ్రంథంలో ఆయన హీనపరచలేదు. వారికి నాగరికత నేర్పుతామని బయలుదేరిన ఐరోపా వారి అహంకారాన్నే అధిక్షేపించారు. ఆ యాత్ర ఆధారంగానే బెర్నార్డ్ షా ఒక నాటకం రచించారు. పరాగ్వేలో జెస్యూట్ మతగురువులు, గ్వారనీ జనులు నెలకొల్పిన పల్లెల చరిత్రను 1901లో గ్రాహమ్ గ్రంథస్థం చేశారు.

ఆయన హృదయాన్ని తెలుపు ఒక సంగతి చెప్పక తప్పదు. గ్లాస్గో వీధులలో ట్రాము బండి లాగుతున్న ఒక నల్లని గుర్రం ఆయన కంటబడింది. దాని చర్మంపై నున్న వాతను బట్టి అది అర్జెంటీనా గుర్రమని గుర్తించి, కొని, పంపా అని పేరిడి, సుమారు ఇరువది ఏండ్లు స్వారి చేశారు. 1930లో ప్రకటించిన అశ్వచరిత్ర గ్రంథాన్ని దానికే అంకితమిచ్చారు. అట్టివానికి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఉరుగ్వేలో బ్రిటిష్ సైన్యానికి గుర్రాలు కొను బాధ్యత పైబడింది. తాను ఎంచి పంపుతున్నవి మృత్యుముఖానికే పోతున్నవని ఆయనకు తెలుసు. ఆ వేదన 1916 నాటి కథాసంపుటిలో చోటుచేసుకొన్నది.

1906లో భార్య గతించగా, మెంటీత్ సరస్సు నడుమనున్న ద్వీపంలో ఆమెను సమాధి చేశారు. 1928లో స్కాట్లండు జాతీయ పక్షానికి తొలి అధ్యక్షులైనారు. 1936 మార్చి 20న, తన యౌవనాన్ని గడిపిన అర్జెంటీనాలోనే, బ్యూనస్ ఎయిర్స్ నగరంలో కన్నుమూశారు. భౌతికకాయాన్ని స్వదేశానికి తెచ్చి, భార్య ప్రక్కనే ఖననం చేశారు.

ముళ్ళతీగ కంచెలు, రైలుమార్గాలు వచ్చి గౌచోల జీవితం కనుమరుగైనది. ఆయన రచనలు లేకున్నచో ఆ నిరక్షరాస్యుల నేర్పు, మర్యాద, దుఃఖం ఎందరికి తెలిసియుండేవి? పరీక్షలో తప్పినంతమాత్రాన జీవితమే తప్పినదని క్రుంగిపోవు విద్యార్థులు మన నడుమ ఉన్నారు. మందలను పోగొట్టుకొన్నను మనుష్యులను మరువని ఈ పశుపాలకుని వారు ఒక్కసారి తలచుకొందురుగాక అని మా ఆకాంక్ష.