ఇంజినీర్ కాని మరాంట్జ్.. అరవై ఏళ్లు దాటినా తగ్గని ఆ సౌండ్

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌ని ఆరేళ్ల తర్వాత అమ్మకానికి పెడితే ఎంతొస్తుంది? ఛార్జర్ ఖర్చు కూడా రాకపోవచ్చు. అదే 1958లో న్యూయార్క్‌లో తయారైన ఒక ప్రీ-యాంప్లిఫయర్ అప్పట్లో దాదాపు 250 డాలర్లు. ఇవాళ మంచి కండిషన్లో దొరికితే వేల డాలర్లు అడుగుతున్నారు. కొనేవాళ్లు దాన్ని షోకేస్‌లో పెట్టుకోవడానికే కొనట్లేదు, పాటలు వినడానికి కొంటున్నారు. దాని పేరు మరాంట్జ్ మోడల్ 7. ఆ పేరు వెనకున్న మనిషి సాల్ మరాంట్జ్. ఆయన వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ కాదు.

మరాంట్జ్ 1911లో బ్రూక్లిన్‌లో పుట్టారు. బతుకుతెరువు గ్రాఫిక్ డిజైన్. అభిరుచి సంగీతం, అందులోనూ గిటార్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కారు రేడియోతో ఆయన కథ మొదలైందని చెబుతారు. ఆయన దగ్గర 1940 మోడల్ మెర్క్యురీ కారు ఉండేది. అందులోని రేడియో ఇంట్లో పెట్టుకుంటే బాగుంటుందనిపించి పీకేశారు. కారు బ్యాటరీ మీద నడిచేదాన్ని ఇంటి కరెంటుతో నడపాలంటే పవర్ సప్లై కావాలి, ఇంకేవేవో కావాలి. ఒకటి చేస్తే ఇంకొకటి అవసరమైంది. అలా ఎలక్ట్రానిక్స్‌లో దిగిపోయారు.

1948లో కొలంబియా సంస్థ ఎల్పీ రికార్డులు తెచ్చింది. వాటితో పాటు ఓ తలనొప్పి కూడా వచ్చింది. రికార్డు మీద గాడి చెక్కేటప్పుడు బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి చెక్కుతారు. బేస్‌ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పయి చోటు చాలదు. ట్రెబుల్‌ని పెంచకపోతే సూది రాపిడి చప్పుడులో అది మునిగిపోతుంది. వినేటప్పుడు దీన్ని సరిగ్గా తిరగేయాలి. దాన్నే ఈక్వలైజేషన్ అంటారు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954 దాకా అందరూ ఒప్పుకున్న లెక్క లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒక లేబుల్ రికార్డుకి సెట్ చేసిన యాంప్‌లో ఇంకో లేబుల్ రికార్డు పెడితే గొంతు ముక్కుతో పాడినట్టో, మూత పెట్టినట్టో వినిపించేది.

మరాంట్జ్ తన ఇంట్లోనే దీనికి ఓ పెట్టె తయారుచేసుకున్నారు. బేస్‌కి ఒక స్విచ్, ట్రెబుల్‌కి ఇంకో స్విచ్. ఏ కంపెనీ రికార్డైనా దాని లెక్కకు తగ్గట్టు తిప్పుకోవచ్చు. పేరు ఆడియో కన్సోలెట్. భార్య జీన్ ప్రోత్సాహంతో 1950ల మొదట్లో ఓ వంద పెట్టెలు తయారుచేశారని, ఏడాది తిరిగేసరికి నాలుగు వందల ఆర్డర్లు వచ్చాయని ఆ కంపెనీ కథ. 1953లో మరాంట్జ్ కంపెనీ పుట్టింది, న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో ఫ్యాక్టరీ పెట్టారు.

ఆయన తీసుకున్న అన్ని నిర్ణయాల్లో నాకు నచ్చింది ఆ తర్వాతది. తన పరిమితి తనకు తెలుసు. చెవి ఉంది, డిజైనర్ కన్ను ఉంది. సర్క్యూట్ లోతులు తనకన్నా బాగా తెలిసినవాళ్లు కావాలి. అందుకే సిడ్నీ స్మిత్‌ని చీఫ్ ఇంజినీర్‌గా తెచ్చుకున్నారు. మోడల్ 7 సర్క్యూట్ ఘనత ప్రధానంగా స్మిత్‌కే ఇస్తారు. పెట్టె మీద పేరు మాత్రం మరాంట్జ్‌ది. ఇంజినీర్ల విషయంలో లోకం ఎప్పుడూ ఇంతే అనుకోండి.

మోడల్ 7లో ఏముంది? స్టీరియో రికార్డులు అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తున్న రోజులవి. సూది దగ్గర పుట్టే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. దాన్ని వందల రెట్లు పెంచాలి, కానీ కరెంటు హమ్‌ని పెంచకూడదు. అందుకని ట్యూబుల ఫిలమెంట్లను ఏసీతో కాకుండా డీసీతో వేడిచేశారు. ఒకే రకం ట్యూబులు ఆరు, 12ఏఎక్స్7 అనే నంబరువి. మా ఈసీఈ సిలబస్‌లో ట్యూబుల ముచ్చట ఓ రెండు పేజీలకు మించలేదు. కానీ ఈ నంబరు ట్యూబుల్ని ఇప్పటికీ కొత్తగా తయారు చేస్తున్నారు, గిటార్ యాంప్‌లకు రోజూ అవసరం కాబట్టి.

అరవై ఏళ్లు దాటిన పెట్టె ఇంకా బాగా వినిపించడానికి కారణం మాయా మంత్రం కాదు. మనిషి చెవి వినేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. 1958లోనూ అంతే, ఇప్పుడూ అంతే. కంప్యూటర్‌కైతే ఏటా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి పని పెరుగుతుంది. యాంప్లిఫయర్ పని పెరగలేదు. ఎల్పీ గాడి అదే, వెనకాల గుచ్చే ఆర్‌సీఏ పిన్ను కూడా అదే. ఆనాడే లక్ష్యానికి దగ్గరగా వెళ్లిన డిజైన్ పాతబడాల్సిన అవసరం రాలేదు.

రెండో సంగతి, రిపేర్. మోడల్ 7 లోపల విడిభాగాల్ని ట్యాగ్ బోర్డుల మీద చేత్తో సోల్డర్ చేశారు. ఏది పాడైతే దాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. 1960లో వచ్చిన మోడల్ 9 పవర్ యాంప్ చూడండి, ముఖం మీదే గుండ్రటి మీటర్ ఉంటుంది. చాలామంది దాన్ని వాల్యూమ్‌కి ఊగే ముల్లు అనుకుంటారు. కాదు. ట్యూబుల వయసు పెరిగేకొద్దీ వాటి కరెంట్ మారుతుంది, ఆ మీటర్ చూసి ఇంటి యజమానే సరిచేసుకోవచ్చు. వస్తువు ముసలిదవుతుందని ముందే ఒప్పుకుని చేసిన డిజైన్ అది.

అలాగని పాతదంతా బంగారం అని నేననను. అప్పటి కాగితపు కెపాసిటర్లు లీకవుతాయి, ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోతాయి. ఏళ్ల తరబడి అటక మీద పడున్న ట్యూబ్ యాంప్‌ని తెచ్చి నేరుగా ప్లగ్ పెడితే పొగ రావచ్చు. లోపల ప్రాణాంతకమైన వోల్టేజీ కూడా ఉంటుంది. 'అరవై ఏళ్ల సౌండ్' అంటున్నది చాలావరకు ఎవరో ఓపిగ్గా బాగుచేసి నిలబెట్టిన సౌండ్.

ఇక కంపెనీ మునిగిన కథ. 1961లో అమెరికాలో ఎఫ్ఎం రేడియో స్టీరియో ప్రసారాలు మొదలయ్యాయి. అన్నిటికన్నా మేలైన ట్యూనర్ మనదే కావాలని మరాంట్జ్ పట్టుబట్టారు. రిచర్డ్ సెకెరా అనే ఇంజినీర్ పని మొదలుపెట్టారు. నెలలు సంవత్సరాలయ్యాయి, ఖర్చు పెరుగుతూ పోయింది. చివరికి వచ్చిన మోడల్ 10బి ముఖాన ఏకంగా చిన్న ఆసిలోస్కోప్ తెర ఉంది. సిగ్నల్ ఎంత శుభ్రంగా అందుతోందో, భవనాలకు తగిలి ప్రతిధ్వనిగా వస్తోందో కంటితో చూసి యాంటెనా తిప్పుకోవచ్చు. ధర దాదాపు 600 డాలర్లు. ఆ రోజుల్లో అక్కడ కొత్త ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు 1600 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. అంటే రేడియో వినే పెట్టెకి కారు ధరలో మూడో వంతు పైనే. అంత పెట్టి అమ్మినా పెట్టిన డబ్బు తిరిగి రాలేదు.

1964లో కంపెనీని కాలిఫోర్నియాకు చెందిన సూపర్‌స్కోప్‌కి అమ్మేశారు. నాణ్యత మీద మొండితనం ఆయనకు పేరు తెచ్చింది, అదే మొండితనం కంపెనీని చేతిలోంచి జార్చేసింది. రెండూ నిజమే. ఈ రెండోదాన్ని వదిలేసి మొదటిదే చెప్పే సక్సెస్ స్టోరీలంటే నాకు నమ్మకం లేదు.

కొన్నేళ్లు ప్రెసిడెంట్‌గా కొనసాగి, 1968లో సొంత పేరున్న కంపెనీ నుంచి బయటికొచ్చారు. నెట్‌లో మీకు ఎక్కువగా కనిపించే వెండి రంగు ముఖం, నీలి వెలుగు ఉన్న 1970ల మరాంట్జ్ రిసీవర్లు ఆయన వెళ్లిపోయాక జపాన్‌లో తయారైనవి. అవి చెడ్డవి కావు. కాకపోతే ట్యూనింగ్ కోసం వేలితో పక్కకు దొర్లించే ఆ చక్రం ఉంది చూశారా, అది నష్టం తెచ్చిన 10బి నుంచి వచ్చిందే.

అరవైకి దగ్గరపడిన మనిషి అక్కడితో ఆగలేదు. జాన్ డాల్‌క్విస్ట్ అనే ఏరోస్పేస్ ఇంజినీర్ చేసిన వింత స్పీకర్ ఆయనకు నచ్చింది. 1970ల్లో ఇద్దరూ కలిసి డీక్యూ-10ని మార్కెట్లోకి తెచ్చారు. ఈసారి పెట్టె మీద ఇంజినీర్ పేరే ఉంది.

సాల్ మరాంట్జ్ 1997 జనవరిలో 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి సీడీలు ఎల్పీల్ని దాదాపు ఊడ్చేశాయి. అదే దశాబ్దంలో మరాంట్జ్ కంపెనీ మోడల్ 7ని, మోడల్ 9ని పాత సర్క్యూట్‌తో మళ్లీ తయారుచేసి అమ్మింది.