రహీం సాబ్ కుర్చీ ఎవరికి?

ఉమ్రి: మన ఉమ్రి స్టేషన్లో రైలెక్కిన తెలుగోళ్లలో చాలామంది దిగేది కాచిగూడలోనో, సికింద్రాబాద్‌లోనో. పెళ్లి బట్టలకు, దవాఖానాకు, చుట్టాలింటికి... ఆ దారి మనకు కొత్తకాదు. ఆ కాచిగూడలోనే ఒకప్పుడు మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పిన ఓ పంతులు, భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియాలోనే మొదటి వరసన నిలబెట్టారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు, అభిమానులకు మాత్రం రహీం సాబ్. ఆయన కన్నుమూసి 60 ఏళ్లు దాటిపోయింది. ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

2024లో హిందీ సినిమా ‘మైదాన్’ వచ్చాక రహీం పేరు మళ్లీ నలుగురి నోట్లో నానింది. అజయ్ దేవగన్ ఆ పాత్ర వేశారు. జకర్తాలో స్వర్ణం గెలవడం సినిమాకు మంచి ముగింపే. నిజజీవితంలో కథ అక్కడితో అయిపోలేదు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఇలా నగరంలోని బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యతా భుజానికెత్తుకున్నారు. తానూ మంచి ఆటగాడే. అయితే ఆడటం కన్నా ఆడించడంలోనే ఆయన చెయ్యి తిరిగింది.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. అప్పటికి ఉమ్రి, ధర్మాబాద్, భోకర్, నాందేడ్ అన్నీ నిజాం రాజ్యంలోనివే. అంటే రహీం పనిచేసింది పరాయి రాజ్యం సంఘంలో కాదు, మన తాతల రాజ్యం సంఘంలోనే.

ఆ కాలంలో బంతి దొరికితే చాలు, ఎదుటివాళ్లను ఒంటరిగా దాటుకుంటూ పోవడమే గొప్ప ఆట అనుకునేవాళ్లు. రహీం దీన్ని మాన్పించాలనుకున్నారు. ఉపన్యాసాలతో సరిపెట్టకుండా ఏకంగా వేరే పోటీలే పెట్టారు. ఒక పోటీలో బంతిని అట్టేపెట్టుకుని పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం పిల్లాడు ఎడమకాలితో తన్నాల్సిందే. చూసినోళ్లు నవ్వారేమో గానీ, రెండు మూడేళ్లు తిరిగేసరికి హైదరాబాద్ పోరగాళ్లు రెండు కాళ్లతోనూ, పొట్టి పాసులతోనూ ఆడటం నేర్చేసుకున్నారు.

బొంబాయిలో ఐదేళ్ల దండయాత్ర

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఇక చూస్కోండి... బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు ఎగరేసుకుపోయారు. కలకత్తా పెద్ద జట్లు సైతం ఖాకీ జట్టు పేరు చెబితే జాగ్రత్తపడాల్సి వచ్చింది. ఆ విజయాల్లో ఉన్నది ఎక్కువగా పోలీసు కొలువుతో కడుపు నింపుకుంటూ ఆడిన సామాన్య కుటుంబాల పిల్లలే.

భారత జట్టు శిక్షణా అదే సమయంలో రహీం చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1-0తో ఓడించారు. గోల్ కొట్టింది మేవాలాల్. కెప్టెన్ శైలేన్ మన్నా.

మరుసటి ఏడాదే నేలకు దించిన దెబ్బ. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. ఆ చలిలో మనోళ్లు కొందరు బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోల్స్ తిన్న కోచ్‌ను ఇవాళైతే విమానం దిగకముందే తీసేసేవారు. రహీంను అలా వదిలేయలేదు. నాలుగేళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు జట్టును తయారుచేసే పని మళ్లీ ఆయనకే అప్పజెప్పారు. రహీం కథలో ఇది ముఖ్యమైన మలుపు. గెలిపించేవాడు దొరకడం ఒక ఎత్తయితే, వాడికి తప్పు దిద్దుకునే టైం ఇవ్వడం ఇంకో ఎత్తు.

రాష్ట్రం విడిపోయిన నెలకే...

1956 నవంబరు 1. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, మన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, మిగతా జిల్లాలు మైసూరులోకి పోయాయి. ఉమ్రి రాత్రికి రాత్రి వేరే రాష్ట్రమైంది.

సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరిన తొలి జట్టు అదే. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో యుగోస్లావియా మళ్లీ అడ్డం పడింది, 4-1. అదే యుగోస్లావియా... నాలుగేళ్ల కిందట తేడా తొమ్మిది గోల్స్, ఇప్పుడు మూడు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలవడంతో మనకు నాలుగో స్థానం దక్కింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం... ఆ జట్టులో హైదరాబాద్ గడ్డ మీద ఎదిగినవాళ్లు అంతమంది.

ఇంకో తమాషా ఉంది. రాష్ట్రం పోయినా సంతోష్ ట్రోఫీలో ‘హైదరాబాద్’ పేరుతో జట్టు అప్పటికి కొనసాగింది. 1956-57లో, 1957-58లో వరుసగా గెలిచింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. ఉమ్రి వాళ్లు లెక్కకు బొంబాయి రాష్ట్రం మనుషులు, మనసుకు హైదరాబాదోళ్లు. ఏ జట్టు గెలిస్తే సంబరపడాలో తేల్చుకోవడం కష్టమే!

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో 1-2తో ఓడినా, ఫ్రాన్స్‌ను 1-1 వద్ద నిలువరించారు. పి.కె.బెనర్జీ కెప్టెన్. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ బృందంలో ఉన్నాడు. అయినా ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగే అవకాశం రాలేదు.

జకర్తా... చివరి పరీక్ష

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0తో జట్టు కుదురుకుంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని మన దేశ క్రీడా ప్రతినిధి తప్పుబట్టడంతో అక్కడి జనం మనమీద మండిపడుతున్నారు. స్టేడియం మొత్తం హేళనలే. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోల్ ముందు నిలబడ్డాడు. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో స్వర్ణం మనదైంది. కెప్టెన్ చునీ గోస్వామి.

తొమ్మిది నెలలు దాటగానే, 1963 జూన్ 11న, రహీం హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53.

ఖాళీ కుర్చీ ముందు ముగ్గురు

పెద్దాయన పోయాక ఇంట్లో తాళంచెవుల పంచాయితీ వస్తుంది. ఇక్కడా అంతే. రహీం కుర్చీకి మూడు దారులు కనిపించాయి.

మొదటిది, బయటి నుంచి తేవడం. 1964లో ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ రైట్ కోచ్‌గా ఉన్నారు. ఆ ఏడాది ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత్ దక్షిణ కొరియాను, హాంకాంగ్‌ను ఓడించి రెండో స్థానం సాధించింది. చూసినవాళ్లు బండి బాగానే నడుస్తోందనుకున్నారు. నిజానికి ఆ బండిలో ఎక్కువమంది రహీం తయారుచేసినవాళ్లే. 1965-66 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచిందన్నా అదే ఊపు. ఇంజను ఆపేసినా రైలు కొంతదూరం పోతుంది కదా!

రెండోది, కొడుకు. మన దగ్గర ఎవరైనా మొదట అడిగేది ఇదే. తండ్రి పోయేనాటికి హకీంకు 23 ఏళ్లే. ఆయన వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ స్థాయికి ఎదిగారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె.కు సహాయకుడిగా జట్టుతో ఉన్నారు. 2021లో కన్నుమూసేదాకా ఫుట్‌బాల్‌ను వదల్లేదు. అయితే తండ్రి కుర్చీ ఆయనకు రాలేదు.

మూడోది, శిష్యులు. పి.కె.బెనర్జీ దేశంలోనే పేరుమోసిన కోచ్ అయ్యారు. హైదరాబాద్ పోలీస్ జట్టు నుంచి ఎదిగిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చారు, తర్వాత జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. గురువు విద్య శిష్యులకు అందలేదని ఎవరూ అనలేరు. అయినా 1970 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు పతకం లేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు అడుగేపెట్టలేదు.

లివర్‌పూల్, మాంచెస్టర్ చెప్పే పాఠం

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. మాంచెస్టర్ యునైటెడ్‌కు 26 ఏళ్లకు పైగా మేనేజర్‌గా ఉండి 13 లీగ్ టైటిళ్లు తెచ్చిన అలెక్స్ ఫెర్గూసన్ 2013లో తప్పుకొన్నారు. తన వారసుడిగా డేవిడ్ మోయెస్‌ను ఆయనే సూచించారు. ఆరేళ్ల ఒప్పందం రాసుకున్న మోయెస్ 2014 ఏప్రిల్‌కే ఇంటిముఖం పట్టారు. అదే లివర్‌పూల్ సంగతి చూడండి. 15 ఏళ్లు క్లబ్బును నడిపిన బిల్ షాంక్లీ 1974లో వైదొలిగితే, ఏళ్ల తరబడి ఆయన పక్కనే పనిచేసిన బాబ్ పెయిస్లీని కూర్చోబెట్టారు. ఆయన తొమ్మిదేళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు గెలిపించారు.

అయితే పక్కవాణ్ని కూర్చోబెడితే చాలా? లివర్‌పూల్లో మనిషి మారినా మైదానం మారలేదు, కుర్రాళ్లను వెతికేవాళ్లు మారలేదు, రోజూ చేయించే సాధన మారలేదు. మన దగ్గర రహీం ఒక్కరే మూడు కొలువులు చేశారు. జాతీయ జట్టు కోచ్ ఒకటి. సంఘం కార్యదర్శిగా టోర్నీలు పెట్టించి పదిమందినీ పోగుచేయడం రెండోది. బడిలో పిల్లల కాళ్లు చూసి ఎవడు పనికొస్తాడో పట్టేసే పంతులు మూడోది. సమాఖ్య వెతికింది మొదటి కుర్చీకి మనిషినే. మిగతా రెండూ ఖాళీ అయ్యాయన్న సంగతే పట్టించుకోలేదు. కోచ్‌లను తయారుచేసే పాటియాలా జాతీయ క్రీడా సంస్థకు అప్పటికి రెండేళ్లే. హైదరాబాద్‌లో మెరిసిన కుర్రాళ్లేమో కూటికోసం కలకత్తా క్లబ్బులకు దారిపట్టారు. మహమ్మద్ హబీబ్ లాంటి ఆణిముత్యం సైతం తన ఆటలో ఎక్కువ భాగం అక్కడే ఆడారు.

కాబట్టి రహీం సాబ్ తర్వాత ఎవరు అంటే... ఇంకో కోచ్ అని చెప్పడం సగం జవాబే. ఇంకో పంతులు కావాలి. ఒక్కడు చాలడు, ఊరికొకడు. జాతీయ కోచ్‌ను విదేశం నుంచైనా విమానంలో తెచ్చుకోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లాడికి ఎడమకాలితో బంతి తన్నడం నేర్పేవాణ్ని మాత్రం ఏ దేశమూ పంపదు.

ఉమ్రిలో, ధర్మాబాద్‌లో ఆటల పీరియడ్ అంటే ఒక బంతి పిల్లల మధ్య పారేసి సారు చెట్టుకింద కూర్చునే రోజులు మనలో చాలామంది చూసినవే. ఈసారి మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కుల లిస్టుతోపాటు ఇంకొకటి అడగండి. ఆటలు నేర్పే సారు ఉన్నారా? ఉంటే వారానికి ఎన్నిసార్లు మైదానంలో దిగుతున్నారు? కాచిగూడ బడి పంతులు కుర్చీ 1963 నుంచి ఖాళీగానే ఉంది. దానికి దరఖాస్తు ఏ సరిహద్దు తాలూకా బడి నుంచైనా పెట్టుకోవచ్చు.